చూడకుండా రాసే మందుతో ఆ దురద తగ్గదు

రాజాం పక్క పల్లెలో మా పిన్ని తొమ్మిదేళ్ల పాటు ‘కింద’ దురదతో బతికింది. పగలు పొలం పనిలో పడి ఎలాగో నెట్టుకొచ్చేది. రాత్రి నడుం వాల్చాక మొదలయ్యేది. గోకి గోకి చర్మం చిట్లితే, మూత్రానికెళ్లినప్పుడల్లా భగ్గున మండేది. ఊరి ఆర్‌ఎంపీ మొదలు పట్నం డాక్టర్ల దాకా ఐదుగురికి చూపించుకుంది. ‘చూపించుకుంది’ అన్నది మాట వరసకే. నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లబట్ట అవుతోందా, షుగర్ ఉందా అని అడిగి ఫంగస్ మందు రాసి పంపారు. బల్ల మీద పడుకోబెట్టి, లైటు వేసి చూసింది ఐదో డాక్టరు ఒక్కరే. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే జబ్బు పేరు తెలిసింది: లైకెన్ స్క్లెరోసస్.

ఇది అంటుకునేది కాదు. శుభ్రత లేక వచ్చేది అంతకన్నా కాదు. మన రక్షణ వ్యవస్థే మన చర్మం మీద తిరగబడటం దీనికి కారణమని వైద్యులు భావిస్తున్నారు. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎక్కువ, ఈడేరని పిల్లల్లోనూ కనిపిస్తుంది. చర్మం తెల్లబారి ఉల్లిపొరలా పలచనవుతుంది. వదిలేస్తే మడతలు అతుక్కుపోయి యోని ద్వారం ఇరుకవుతుంది. నూటికి ఐదుగురి కంటే తక్కువ మందిలోనే అయినా, క్యాన్సర్‌గా మారే ప్రమాదమూ ఉంది. ఫంగస్ క్రీములు దీన్ని తగ్గించలేవు. డాక్టరు పర్యవేక్షణలో వాడే క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్ 0.05 శాతం ఆయింట్‌మెంట్‌తో చాలామందికి అదుపులోకి వస్తుంది. అంటే మందు ఉంది. కంటితో చూసి అనుమానించగల జబ్బే. చూసేవాళ్లే లేరు.

ఓపీలో రద్దీ ఎక్కువ, మగ డాక్టరైతే ఆడవాళ్లే ఒప్పుకోరు అంటారు. రద్దీ నిజమే. కానీ మా పిన్ని ఒప్పుకోకపోవడం కాదు, ఆమెను అడిగిన డాక్టరే లేడు. పక్కన ఒక నర్సును నిలబెట్టి అడిగితే ఎంతమంది కాదంటారో ముందు చూడండి.

అసలు అవకాశం ఇప్పటికే మన చేతిలో ఉంది. ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆమె బల్ల మీద పడుకునే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. స్పెక్యులమ్ (దారి తెరిచి ఉంచే పరికరం) పెట్టి, పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది లోపల చూస్తారు. ఆ లోపలికి వెళ్లే దారిలోనే బయటి చర్మం ఉంది! అర నిమిషం దాన్ని చూసి, తెల్లమచ్చలున్నాయా, చిట్లిందా, దురద పెడుతోందా అని కార్డులో ఒక్క గడి నింపితే చాలు. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త పోస్టూ అక్కర్లేదు. అనుమానం వస్తే పంపడానికి శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి.

ఆ గడి ఇప్పటిదాకా ఎందుకు లేదు? నా ఉద్దేశంలో కారణం వైద్యంలో లేదు, మన భాషలో ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఊళ్లకు ఊళ్లే గొంతెత్తాయి. ఏళ్లు పట్టినా, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి మొదలైంది. కిడ్నీ అని నలుగురిలో అనొచ్చు. ఈ చోటుకు మనకున్న మాటలు రెండే రకాలు: బూతులు, పాఠ్యపుస్తకాల సంస్కృతం. మధ్యలో ఆడవాళ్లకు మిగిలింది ‘అక్కడ’, ‘కింద’. పేరు లేని చోటి బాధ తల్లి కూతురికి చెప్పదు, కోడలు అత్తకు చెప్పదు, ఆశా కార్యకర్త రాసుకోదు. ఆడపిల్లకు ఒళ్లంతటికీ పేర్లు నేర్పి అక్కడికొచ్చేసరికి ‘ఛీ’ అంటాం. ఆ ‘ఛీ’యే యాభై ఏళ్ల తర్వాత డాక్టరు ముందు ఆమె నోరు నొక్కేస్తోంది.

పిన్నికి ఇప్పుడు రాత్రుళ్లు నిద్ర పడుతోంది. డాక్టరు చెప్పినట్టు చేతి అద్దం పెట్టుకుని మందు రాసుకుంటుంది. యాభై ఎనిమిదేళ్లొచ్చాక మొదటిసారి తన ఒంటిని తాను చూసుకుందట. ఆ తొమ్మిదేళ్లలో అతుక్కుపోయిన చర్మం మాత్రం మళ్లీ విడిపోలేదు.