‘అయిదు వోల్టులే కదా’ అన్న సందేశానికి జవాబు

“మాగ్నెటిక్ ఛార్జింగ్ కేబుల్‌లో ఉండేది 5 వోల్టులే, షార్ట్ అయినా ఛార్జర్ దానంతట అదే ఆగిపోతుంది, అయస్కాంతం వల్ల పిన్‌లకు దుమ్ము పట్టదు, మాగ్‌సేఫ్ (ఆపిల్ ల్యాప్‌టాప్‌ల అయస్కాంత ఛార్జర్) కూడా ఇదే, ల్యాప్‌టాప్‌కూ నిశ్చింతగా వాడండి” అనే సందేశం ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. ఫోన్ రంధ్రంలో ఒక చిన్న ముక్క పెట్టి ఉంచితే, కేబుల్ కొన అయస్కాంతంతో దానికి అతుక్కునే రకం కేబుల్ ఇది. మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి పంపినవారు బాలానగర్‌లో లేత్ షాపు నడిపే మా బావగారు. తన దగ్గర పనిచేసే కుర్రాళ్లందరికీ కూడా పంపానన్నారు.

లేత్ షాపులో అయస్కాంతం చేసే మొదటి పని ఇనుప రజనును పట్టుకోవడం. బయటికి తెరుచుకుని ఉన్న ఆ పిన్‌ల మీదే రజను పేరుకుంటుంది. కేబుల్ మామూలు యూఎస్‌బీ-ఎ (వెడల్పాటి పాత రకం రంధ్రం ఉన్న) ఛార్జర్‌కు తగిలించి ఉంటే, ఫోన్ లేకపోయినా అక్కడ 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘ఛార్జర్ ఆగిపోతుంది’ అన్న మాట. రెండు పిన్‌లూ పూర్తిగా కలిసిపోతే మంచి ఛార్జర్ ఆగుతుంది, నిజమే. కానీ రజను, చెమట, నూనె కలిసిన మురికి వాటిని అరకొరగానే కలపవచ్చు. ఆ మురికి నిరోధం 2.5 ఓమ్‌లు అనుకుంటే, 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు పారుతాయి, అంటే 10 వాట్లు. 2 ఆంపియర్ల ఛార్జర్‌కు అది ఫోన్ ఛార్జవుతున్నట్టే కనిపిస్తుంది గనుక, ఆపడానికి దానికి కారణమే ఉండదు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అందులో సగానికి కాస్త తక్కువ వేడి ఆవగింజంత చోట, నిద్రపోతున్న మనిషి దిండు పక్కన పుడుతుంటే, ఏమీ కాదని హామీ ఇచ్చినదెవరు? షాక్ కొట్టదన్నది నిజం, కాలదన్నది అబద్ధం. ఈ రెంటికీ తేడా తెలియనివారు ఊరందరికీ ధైర్యం చెప్పే పని పెట్టుకోకూడదు.

మాగ్‌సేఫ్‌తో పోలిక నిలవదు. 2006లో వచ్చిన ఆ ల్యాప్‌టాప్ ఛార్జర్ అవతల ల్యాప్‌టాప్ ఉందని గుర్తించేదాకా పూర్తి వోల్టేజీని వదలదు.

ఇక ల్యాప్‌టాప్‌కు ఇచ్చేది 5 వోల్టులు కాదు, తరచుగా 20 వోల్టులు ఉంటుంది. యూఎస్‌బీ-సి (ఎటు తిప్పి పెట్టినా పట్టే చిన్న రకం) ప్లగ్గులో కరెంటు సరఫరా చేసే పిన్‌లు, అది తిరిగి వెళ్లే గ్రౌండ్ పిన్‌లు ముందుగా, మిగతావి తర్వాత తగిలేలా వాటి పొడవులు వేరుగా ఉంటాయి. చదునైన అయస్కాంతపు కొన పక్కకు ఒరిగి అంటుకుంటే ఆ వరుసకు భరోసా లేదు. తక్కువ వోల్టేజీకి తయారైన పిన్‌కు 20 వోల్టులు తగిలితే ల్యాప్‌టాప్ బోర్డే పోవచ్చు.

అయినా ఒకటి ఒప్పుకుంటాను. చూపు మందగించిన మా అమ్మకు ఈ కేబుల్ నేనే కొనిచ్చాను. ఫోన్ రంధ్రం వెతుక్కునే అవస్థ ఆమెకు నిజంగా తప్పింది, పదేపదే గుచ్చడం వల్ల వచ్చే అరుగుదలా తగ్గింది. పగటిపూట, ఎదురుగా కూర్చుని, కొనను పొడిగుడ్డతో తుడిచి వాడుతుంది. అవగానే స్విచ్ కట్టేస్తుంది.

బావగారి షాపులో అది కుదరదు. ఆ కేబుళ్లను అక్కడినుంచి తీసేయమని ఆయనకు ఈ ఉదయమే ఫోన్ చేశాను. కుర్రాళ్లకు పంపిన సందేశాన్ని కూడా తొలగించి, ఎందుకు తొలగించారో వాళ్లకు చెప్పమన్నాను.