అర్ధరాత్రి డ్రైవర్ పీకేవారికి

"లినక్స్ నెట్‌వర్క్ కౌంటర్లను నమ్మి మోసపోకండి" అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఐదోసారి వచ్చింది. చివరగా పంపినవాడు మా పాత టీమ్‌మేట్. కింద "నిజమేనా గురూ?" అని కూడా పెట్టాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

కౌంటర్ అంటే నెట్‌వర్క్ కార్డు మీదుగా ఎన్ని బైట్లు వచ్చాయో, పోయాయో లినక్స్ వేసుకునే లెక్క. ఆ మెసేజ్‌లో ఉన్నవి ఐదు ముక్కలు. రీబూట్ చేస్తే కౌంటర్ సున్నా అవుతుందట. ఒక్కో ఇంటర్‌ఫేస్ లెక్కను ఒక్కో లైన్‌లో చూపించే ప్రోక్ నెట్ డెవ్ ఫైల్‌లోని లైన్లన్నీ కూడితే అసలు ట్రాఫిక్‌కి మూడింతలు వస్తుందట. 1 జీబీ ఫైల్ దించితే 12 శాతం ఎక్కువ చూపిస్తుందట. 4 జీబీ దాటితే మళ్లీ మొదటికొస్తుందట. కాబట్టి రోజూ రాత్రి 12కి నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించేలా క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు నడిపేది) పెట్టుకోవాలట.

రీబూట్‌కి సున్నా అవుతుంది, నిజమే. అప్‌టైమ్ (మెషిన్ ఎంతసేపటినుంచి నడుస్తోందన్న లెక్క) కూడా అవుతుంది, దాని మీద ఎవరూ మెసేజ్ రాయలేదు. నెలవారీ లెక్క కావాలంటే వీఎన్‌స్టాట్ అనే టూల్ వేసుకోండి, అది డిస్క్‌లో రాసిపెట్టుకుంటుంది.

మూడింతలు ఎందుకొస్తుందంటే, కంటైనర్‌కి (మెషిన్ లోపల విడిగా నడిచే ప్రోగ్రామ్ డబ్బా) వెళ్లే ప్యాకెట్‌ను అసలు కార్డు ఈత్0 దగ్గర ఒకసారి, డాకర్0 అనే బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్) దగ్గర ఒకసారి, కంటైనర్‌ను దానికి కలిపే వీఈత్ దగ్గర ఒకసారి లెక్కపెడతారు కాబట్టి. పెళ్లికొచ్చిన మూడొందల మందిని గేటు దగ్గర, మండపంలో, భోజనాల దగ్గర లెక్కేసి తొమ్మిదొందలని రాస్తే తప్పు ఎవరిది? విస్తళ్లు లెక్కపెట్టండి చాలు.

ఇక ఆ క్రాన్ సలహా. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. డ్రైవర్ మాడ్యూల్ తీసేస్తే పోయేది కౌంటర్ ఒక్కటే కాదు. ఐపీ అడ్రస్, రూట్లు, వీలాన్‌లు (ఒకే కార్డు మీద విడదీసిన నెట్‌వర్క్‌లు), బ్రిడ్జ్‌లో సభ్యత్వం అన్నీ దాంతోపాటే పోతాయి. తిరిగి ఎక్కించాక ఇవన్నీ వాటంతటవే వస్తాయా అన్నది ఆ మెషిన్‌ను ఎవరు, ఎలా సెట్ చేశారన్న దాన్నిబట్టి ఉంటుంది. నాకు తెలిసినవాడొకడు ఈ సలహాను ముందు చేత్తో పరీక్షిద్దామని వేరే ఊళ్లో ఉన్న సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే ఆ నెట్‌వర్క్ కార్డు మీదుగానే, వెళ్లి, డ్రైవర్ తీసే కమాండ్ కొట్టాడు. ఎంటర్ నొక్కాడు. స్క్రీన్ అలాగే బిగుసుకుపోయింది. ఎక్కించే కమాండ్ టైప్ చేయడానికి ఇక దారేదీ? రాత్రి ఒంటిగంటకు అక్కడి డ్యూటీ మనిషిని బతిమాలి పవర్ తీయించి పెట్టించాడు. రీబూట్ అయ్యాక కౌంటర్ సున్నా అయిందిలెండి, అనుకున్నది సాధించాడు.

అసలు సున్నా చేయాల్సిన పనేముంది? కరెంటు రీడింగ్ తీసే మనిషి నెలనెలా మీటర్ పీకి కొత్తది బిగిస్తాడా? పాత రీడింగ్‌ను కొత్తదానిలోంచి తీసేస్తాడు. ప్రోమిథియస్ అనే మానిటరింగ్ టూల్ చేసేదీ అదే. పైగా నిమిషానికోసారి చదివే మానిటరింగ్ ఉంటే, చివరిసారి చదివినప్పటినుంచి డ్రైవర్ పోయేదాకా నడిచిన ట్రాఫిక్ ఎవరి లెక్కలోకీ రాదు. లెక్క సరిగ్గా రావాలని రోజుకో చిల్లు పెట్టుకోవడమన్నమాట.

12 శాతం సంగతి నేనే లెక్కేశాను. లినక్స్ కమాండ్లు మామూలుగా 1 జీబీగా చూపించే ఫైల్‌లో నిజానికి 107.37 కోట్ల బైట్లుంటాయి. 100 కోట్లనుకుంటే అక్కడే 7 శాతం పోయింది. మామూలు ఈథర్నెట్‌లో 1,448 బైట్ల డేటా మోయడానికి కార్డు మీదుగా 1,514 బైట్లు వెళ్తాయి, హెడర్లు కలుపుకుని. అది ఇంకో నాలుగున్నర శాతం. రెండూ కలిపితే దాదాపు 112 కోట్లు. కౌంటర్ చూపించిందీ అంతే! నిజానికి అది తక్కువే చెబుతోంది. ప్రతి ఫ్రేమ్‌కీ తీగ మీద అదనంగా పట్టే 24 బైట్ల చోటును అది లెక్కలోకి తీసుకోదు.

మిగిలింది 4 జీబీ. ఇది చదివి నవ్వుకున్నాను. 64 బిట్ కర్నెల్‌లో (లినక్స్ గుండెకాయ) ఆ కౌంటర్ నిండాలంటే గిగాబిట్ లింక్ ఆపకుండా నడిచినా దాదాపు 4,700 ఏళ్లు పడుతుంది. తర్వాత రెండేళ్ల కిందటి నా గ్రాఫ్ ఒకటి గుర్తొచ్చి నవ్వాగిపోయింది. కర్నెల్‌లో 64 బిట్లే ఉన్నా, నేను ఎస్‌ఎన్‌ఎంపీలో (దూరంనుంచి మెషిన్ లెక్కలు అడిగే పద్ధతి) ఇఫ్ఇన్ఆక్టెట్స్ అనే పాత కౌంటర్ చదువుతున్నాను. దానికున్నవి 32 బిట్లే, అంటే 4 జీబీ దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. 5 నిమిషాలకోసారి చదివితే, సెకనుకు 114 మెగాబిట్లు దాటిన లింక్‌లో ఈలోపు ఎన్నిసార్లు చుట్టు తిరిగిందో తెలియదు. నా గ్రాఫ్ 36 మెగాబిట్లు చూపిస్తుంటే, లింక్ ఖాళీగానే ఉందని మేనేజర్‌కి ధైర్యంగా చెప్పాను. ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1లో 64 బిట్ కౌంటర్లు రావు కాబట్టి వెర్షన్ 2సీకి మారి, 64 బిట్ల ఇఫ్‌హెచ్‌సీఇన్ఆక్టెట్స్ పెట్టాను. గీత 380 మెగాబిట్ల దగ్గరికెళ్లి కూర్చుంది.