టకేడాలను కూల్చింది నగషినో తుపాకులు కాదు

1575 జూన్ చివర్లో, జపాన్‌లోని నగషినో కోట దగ్గరి మైదానంలో, కర్రల కంచె వెనక నుంచి ఓడా నొబునగా, టోకుగావా ఇయెయాసు అనే ఇద్దరు దొరల సేనలు పేల్చిన తుపాకులకు టకేడా అనే యోధుల వంశం సైన్యం చిత్తయింది. చాలామంది చెప్పే కథ అక్కడితో ముగుస్తుంది. పాతకాలపు గుర్రపు దళం కొత్త ఆయుధం ముందు ఓడింది, వంశం అంతరించింది అని. కానీ ఆ వంశాధిపతి టకేడా కత్సుయొరి చనిపోయింది 1582 ఏప్రిల్ 3న. నడుమ దాదాపు ఏడేళ్లున్నాయి. ఆ ఏడేళ్లలో తూర్పున కోజుకె ప్రావిన్సు వైపు అతని ఏలుబడి కొంత పెరిగింది కూడా. తుపాకులే కారణమైతే ఇంతకాలం నిలిచేవాడు కాదు.

అసలు కారణం కోసం టకేడాల సొంతగడ్డ కాయ్ ప్రావిన్సు నేలను చూడాలి. ఇప్పటి యమనాషి ప్రాంతం అది. చుట్టూ కొండలు, మధ్యలో కోఫు లోయ, సముద్రం ఎక్కడా తగలదు. 1598 నాటి లెక్కల్లో కాయ్ పంట సుమారు 2 లక్షల 27 వేల కోకులు. కోకు అంటే దాదాపు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండి. నొబునగా సొంతగడ్డ ఒవారి ఒక్కటే 5 లక్షల 70 వేల కోకులు పండేది. ఉప్పు సైతం పొరుగువాళ్ల దారుల మీదుగా రావాల్సిందే.

ఈ లోటును కత్సుయొరి తండ్రి టకేడా షింగెన్ మూడు రకాలుగా పూడ్చుకున్నాడు. ఒకటి వరద కట్టడి. పడమటి కొండల నుంచి దూసుకొచ్చే మిదాయి నది, కమనాషి నదిని అడ్డంగా కొట్టి, కోఫు వైపు గట్లను తెంచేసేది. మిదాయి ప్రవాహాన్ని మొన తేలిన రాతి కట్టతో చీల్చి, పెద్ద పాయను తకఇవా రాతి కొండకు తగిలేలా మళ్లించారు. కొండను ఢీకొని నీటి ఉరవడి తగ్గేది. దిగువన కరకట్టను ఒకే గోడలా కట్టలేదు. ముక్కలు ముక్కలుగా, ఒకదాని కొస మరోదాని వెనక్కి వచ్చేలా కట్టి సందులు వదిలారు. వరద పెరిగితే నీరు ఆ సందుల్లోంచి నెమ్మదిగా వెనక్కి ఎక్కుతుంది, తగ్గాక అదే దారిన నదిలోకి జారుతుంది. గండి పడదు. వీటిలో తరవాతి తరాలు చేర్చినవీ ఉన్నాయి. అయితే కట్టను చూసుకునే మనుషుల కోసం 1560లో షింగెన్ ఇచ్చిన ఉత్తర్వు మాత్రం నిలిచి ఉంది: ర్యూవో అనేచోటి ఈ కట్ట దగ్గర కాపురం పెట్టేవాళ్లకు ఇంటి పన్ను ఉండదు. ఆ మినహాయింపు ఎంత పెద్దదో తెలియాలంటే 1547 నాటి అతని శాసనాన్ని చదవాలి. ఇంటి పన్ను ఎగ్గొట్టి పారిపోయినవాణ్ని ఎంత దూరమైనా వెంటాడమంటుంది, దొరక్కపోతే ఊరంతా కలిసి కట్టమంటుంది.

రెండోది బంగారం. కురొకావా, యునోకు గనులు. యునోకు ఉన్నది షింగెన్ సొంత నేలలో కాదు, అనయామా వంశం ఏలే ఫుజి నది లోయలో. గని తవ్వేవాళ్లూ కొలువులోని బంట్లు కారు. 1571లో ఫుకజావా కోట ముట్టడికి వాళ్ల తవ్వకం పనితనం అవసరపడినప్పుడు, షింగెన్ పన్ను రాయితీలు ఇచ్చి వాళ్ల సేవకు ప్రతిఫలం చెల్లించాడు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పొరుగు నేల. ఇక్కడే టకేడా ఏలుబడి కిటుకు, దాని రోగం రెండూ ఉన్నాయి. దక్షిణాన అనయామా, తూర్పున గున్నాయిలో ఒయమాదా, కిసో లోయలో కిసో. వీళ్లను సామంతులనడం కంటే పాలెగాళ్లనడం సరిపోతుంది. సొంత కోట, సొంత మనుషులు, సొంత వసూళ్లు. టకేడా జెండా కింద నిలిచినందుకు వాళ్లకు దక్కేది గెలిచిన నేలలో వాటా, ఆపదలో అండ. అందుకే షింగెన్ ఏటేటా దండెత్తక తప్పలేదు. పొరుగున ఉన్న సువా, షినానో, 1568లో దక్షిణాన సముద్రతీరపు సురుగా. సురుగా దండయాత్రకు ముందే ఇల్లు చీలింది. పెద్దకొడుకు యోషినొబు భార్య సురుగా ఏలే ఇమగావాల ఆడపడుచు. 1565లో అతణ్ని బంధించారు, 1567లో చనిపోయాడు. ఆ ఏడే షింగెన్ తన కింది నాయకుల చేత దేవుడి ముందు ప్రమాణపత్రాలు రాయించుకున్నాడు. నమ్మకం నిలకడగా ఉన్నచోట అన్ని ప్రమాణాలు అక్కర్లేదు.

1573లో షింగెన్ పోయాక పగ్గాలు కత్సుయొరి చేతికొచ్చాయి. అతను షింగెన్ జయించిన సువా వంశపు తల్లి కొడుకు, సువా ఇంటిపేరుతో పెరిగినవాడు. టకేడా కొడుకుల పేర్లలో వచ్చే ‘నొబు’ అతని పేరులో లేదు. నగషినోలో యమగాతా మసకాగె, బాబా నొబుహారు, నైతో మసతోయొ వంటి అనుభవజ్ఞులు నేలకూలడం పెద్ద దెబ్బే. టకేడాలకూ తుపాకులు ఉండేవి. కరువు సీసానికీ మందుగుండుకీ. అవి సకాయి వంటి రేవుల నుంచి రావాలి, ఆ రేవులు నొబునగా గుప్పిట్లో ఉన్నాయి.

ఆ తరవాత చేసిన తప్పే నా లెక్కలో పెద్దది. 1578లో ఉత్తరాన పొరుగు దొర ఉయెసుగి కెన్షిన్ చనిపోతే అతని దత్తపుత్రులు ఇద్దరు వారసత్వం కోసం పోట్లాడుకున్నారు. వారిలో ఒకడు తూర్పున ఏలే హోజో వంశం బిడ్డ. కత్సుయొరి పెళ్లాడింది హోజోల ఆడపడుచునే. అయినా బంగారం, కోజుకెలో నేల తీసుకుని రెండోవాడు కగెకత్సు వైపు మొగ్గాడు. మరుసటేడు హోజోలు ఇయెయాసుతో చేయి కలిపారు. నేల పెరిగింది, కానీ తూర్పు, దక్షిణం, పడమర మూడు వైపులా శత్రువులే మిగిలారు.

దాని ఫలితం ఇయెయాసు ముట్టడించిన టకేడాల తకతెంజిన్ కోట దగ్గర బయటపడింది. 1581లో లోపలివాళ్లు లొంగిపోతామన్నా ఒప్పుకోవద్దన్నది నొబునగా ఉద్దేశం. కారణం అతని లేఖలోనే ఉంది: కత్సుయొరి ఆదుకోలేకపోయాడన్న సంగతి నలుగురికీ తెలియాలి. తెలిసింది. అదే ఏడు కత్సుయొరి షిన్పు అనే కొత్త కోటకు పది ఇళ్లకు ఒక మనిషి చొప్పున 30 రోజుల వెట్టి విధించాడు. పంచడానికి కొత్త నేల లేదు, అండ లేదు, పైగా వెట్టి. 1582 ఆరంభంలో షింగెన్ అల్లుడు కిసో యోషిమాసా తిరగబడ్డాడు. మరో అల్లుడు అనయామా ఓడా పక్షం చేరాడు. తకతో కోటలో కత్సుయొరి తమ్ముడు నిషినా మొరినొబు తప్ప గట్టిగా నిలిచినవాళ్లు తక్కువ. షిన్పును తానే తగలబెట్టి ఒయమాదా కోట వైపు వెళ్తుంటే ఒయమాదా దారి మూసేశాడు. తెన్మొకు కొండ దగ్గర తానోలో అంతా ముగిసింది.

అదే ఏడాది నొబునగా హతుడయ్యాడు. కాయ్‌ను ఏలడానికి అతను పంపిన కవజిరి హిదెతాకాను స్థానికులు చంపేశారు. ఆ నేలలోకి వచ్చిన ఇయెయాసు పాత మాన్యాలను ఎవరివి వాళ్లకే ఖాయం చేశాడు. 800 మందికి పైగా టకేడా బంట్లు అతనికి ప్రమాణపత్రాలు రాసిచ్చారు. వాళ్లలో పలువురు ఇయెయాసు సేనాని ఇయీ నవొమాసా కింద ఎర్ర కవచాలతో పోరాడారు. 1590లో ఇయెయాసు తూర్పున ఉన్న కాంతో ప్రాంతానికి మారినప్పుడు చాలామంది అతనితోపాటు లోయలు వదిలి వెళ్లిపోయారు. కొందరు హచియోజిలో కాపలా దళంగా స్థిరపడ్డారు. సొంత కోట, సొంత వసూళ్లు కాయ్‌లోనే మిగిలిపోయాయి.