రబ్బరుముక్కను నిషేధించాలి

పాత కంప్యూటర్ ఆన్ కాకపోవడం సాంకేతిక సమస్య అని చాలామంది అపోహపడుతున్నారు. అది శుద్ధ శాంతిభద్రతల సమస్య. ఈ సంగతిని ఇంతవరకూ ఎవరూ ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్లలేదు కాబట్టి, పౌరబాధ్యతగా ఈ నాలుగు ముక్కలు రాయాల్సి వస్తోంది.

మధ్యతరగతి ఇంట్లో, హాలు మూల, చెక్క టేబుల్ కింద ఒక అసెంబుల్డ్ సిస్టమ్ ఉంటుంది. ఎప్పుడో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో విడిభాగాలు కొని బిగించింది. ఏ దసరాకో పెట్టిన కుంకుమబొట్టు క్యాబినెట్ మీద ఇంకా అలాగే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న నీళ్లు వదిలేశారు గానీ, ఆ కబురు ఈ ఇంటికి చేరలేదు. పోనీ పారేద్దామా అంటే కుదరదు. పెద్దాయన అను ఫాంట్లలో టైపు చేసుకున్న వంశవృక్షం, పొలం పంపకాల చిత్తుప్రతి అందులోనే ఉన్నాయి. అవే ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ముత్తాతలంతా డాలర్ గుర్తులుగా, బ్రాకెట్లుగా దర్శనమిస్తారు.

అలాంటి సిస్టమ్ ఒకరోజు మొరాయిస్తుంది. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. లోపల్నుంచి కీచుమని కూత, కాస్త ఆగి మళ్లీ కూత. నిజానికి అది యంత్రం ఇస్తున్న వాంగ్మూలం. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచీ ఈ జాతికి ఒక అలవాటుంది. కరెంటు అందగానే తనను తాను పరీక్షించుకుని, అన్నీ బాగుంటే ఒక్కసారి కూస్తుంది. లేకపోతే జబ్బును బట్టి పొడుగ్గానో పొట్టిగానో, ఇన్నిసార్లనో కూస్తుంది. లెక్క కంపెనీని బట్టి మారుతుంది గానీ, ఆగి ఆగి అదేపనిగా కూస్తుంటే ముందు అనుమానించాల్సింది మెషిన్ తాత్కాలిక జ్ఞాపకశక్తి అయిన ర్యామ్‌నే. అయితే ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుతుండగా యంత్రం మాట ఎవరు వింటారు?

బావగారు టీ కప్పు కింద పెట్టకుండానే తేల్చేస్తారు: "వైరస్." హార్డ్‌డిస్క్ దాకా పోకముందే ఆగిపోయిన మెషిన్‌లో వైరస్ ఎలా లేచిందని అడగకూడదు. ఆయన బావగారు. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసిన పక్కింటి కుర్రాణ్ని పిలుస్తారు. పాపం, వాడి నాలుగేళ్ల చదువులో క్యాబినెట్ మూత తీసే సబ్జెక్టు లేదు. వాడు మానిటర్ వైరు ఒకసారి పీకి పెట్టి, "డ్రైవర్ ఇష్యూ అంకుల్" అంటాడు. డల్లాస్‌లో ఉన్న పెద్దబ్బాయి వీడియో కాల్‌లోకి వచ్చి, "నాన్నా, ఎనీడెస్క్ ఓపెన్ చేసి నంబర్ చెప్పు, నేను ఇక్కణ్నుంచి చూస్తా" అంటాడు. దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్ నడిపించే ఆ ఎనీడెస్క్‌ను ఆన్ కాని కంప్యూటర్లో ఎలా తెరవాలో ఎవరికీ తెలియదు. అయినా అమెరికాలో ఉన్నవాడు చెప్పాడంటే ఏదో దారి ఉండే ఉంటుందని అందరూ కాసేపు తెర వంక చూస్తారు.

చివరికి మెకానిక్ వస్తాడు. పక్క మూత తీస్తాడు. దుమ్ము వంక చూసి, పెద్దాయన వంక చూసి, గొంతు తగ్గించి చెబుతాడు: "మదర్‌బోర్డ్ పోయింది సార్. ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదు."

ఆ క్షణంలో ఇంట్లో ఎంత సామరస్యం వెల్లివిరుస్తుందో గమనించండి. బోర్డునే తినేసే వైరస్ అంటే మామూలుది కాదని బావగారు తృప్తిపడతారు. బోర్డు పోతే డ్రైవర్లు ఎలాగూ పనిచేయవు కాబట్టి బీటెక్ కుర్రాడి పరువు నిలుస్తుంది. చిన్నబ్బాయి అప్పటికే ఫోన్లో గేమింగ్ ల్యాప్‌టాప్ చూపిస్తూ అది చదువుకి ఎంత అవసరమో వివరిస్తుంటాడు. ఎవరి మాటా తప్పుకాలేదు. ఖరీదైన జబ్బుకున్న గౌరవమే వేరు!

ఈ పచ్చని సంసారంలో నిప్పులు పోసేదే రబ్బరుముక్క.

ఐదు రూపాయల పెన్సిల్ రబ్బరు పట్టుకుని ఇంట్లో ఎవరో ఒకరు బయల్దేరతారు. ముందు ప్లగ్గు పీకేస్తారు. మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటారు. ఒంట్లో స్టాటిక్ దిగిపోవడానికి క్యాబినెట్ ఇనుప రేకును ఓసారి తాకుతారు. స్లాటుకు అటూ ఇటూ ఉన్న తెల్ల క్లిప్పులు వెనక్కి నొక్కి ర్యామ్ పైకి తీస్తారు. దాని అంచున బంగారు పూత పూసిన పళ్లు వరసగా ఉంటాయి. వాటి మీద ఏళ్ల తరబడి తేమ, మకిలి పేరుకుని మసకబారి ఉంటాయి. ఆ పళ్ల మీద రబ్బరుతో సుతారంగా రుద్దుతారు. గట్టిగా రుద్దితే పూత లేచిపోతుందని కూడా ఈ దుర్మార్గులకు తెలుసు. పొడి దులిపి, క్లిప్పులు టక్కుమనేదాకా మళ్లీ నొక్కుతారు. ఆన్ చేస్తే ఒక్క కూత, తెర మీద వెలుగు.

ఇక ఇల్లు ఇల్లులా ఉంటుందా? బావగారు భోజనం చేయకుండానే వెళ్లిపోతారు.

దీనికి తోడు ఇంకో విద్రోహి ఉంది, రూపాయి బిళ్లంత బటన్ సెల్. కంప్యూటర్ ఆపినా గడియారం, సెట్టింగులు గుర్తుండేది దాని పుణ్యమే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఆ సెల్‌కు పెద్దగా పనుండదు. మనమేమో కరెంటు దండగని రోజూ రాత్రి గోడ స్విచ్ ఆపేస్తాం. భారమంతా దాని మీద పడి మూడు వోల్టుల ప్రాణం కొన్నేళ్లకే కొడిగడుతుంది. అప్పుడు మెషిన్ లేస్తూనే ఎఫ్1 నొక్కమని ఆగిపోతుంది. తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తప్పు తేదీ చూసి బ్యాంకు సైటు భద్రమైనది కాదని బ్రౌజర్ మొండికేస్తుంది. బావగారు ఈసారి "హ్యాకింగ్" అంటారు. ఆయన అంతమాట అన్నాక, పోయింది సెల్ మాత్రమేనని తేలితే ఎవరి ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

మెకానిక్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. బోర్డులు నిజంగానే పోతాయి. 2000 తర్వాత కొన్నేళ్లు వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు తలలు ఉబ్బి కారిపోయేవి, మూత తీస్తే కళ్లకే కనిపించేవి. పైగా రబ్బరు వైద్యం అతనికి తెలియక కాదు. తుడిచి, బాగుచేసి, మూడొందలు అడిగితే మనం ఏమంటాం? "తుడిచినందుకు మూడొందలా!" అంటాం. అదే బోర్డు మార్చి ఆరువేలు అడిగితే ఐదొందలు బేరమాడి, టీ ఇచ్చి, గుమ్మం దాకా వెళ్లి సాగనంపుతాం. ఎక్కడ రబ్బరు రుద్దాలో తెలియడానికి డబ్బులిచ్చే ఆచారం మనకు లేదు.

అందుచేత ప్రభుత్వానికి నా విన్నపాలు. రబ్బర్లు ఐదో తరగతి లోపు పిల్లలకే, అదీ హెడ్మాస్టర్ సంతకంతో స్టడీ సర్టిఫికెట్ చూపిస్తేనే అమ్మాలి. బటన్ సెల్ కొనేవారి నుంచి అది చేతి గడియారం కోసమేనని అఫిడవిట్ తీసుకోవాలి. ర్యామ్ పీకేముందు ఇంటి అల్లుడి నుంచి ఎన్‌వోసీ తప్పనిసరి చేయాలి.

ఇక లైటు కూడా వెలగని రోజున మెకానిక్, బీటెక్, డల్లాస్ అందరూ కొలువుదీరి ఉండగా వంటింట్లోంచి ఒక గొంతు వినిపిస్తుంది చూడండి, "మొన్న బూజు దులిపినప్పుడు వెనకాల స్విచ్చేదో కట్టేశాను, అది వేశారా?" అని. అది మాత్రం నాన్‌బెయిలబుల్ చేయాలి.