నిశ్శబ్దపు పేటలో నీళ్ల ట్యాంకరు

నగరపు రొద చెవిన పడదన్న ఒకే ఒక్క ఆశతో మేము బెంగళూరు ఉత్తరపు అంచున ఉన్న యలహంకలో ఇల్లు అద్దెకు తీసుకొని నాలుగేళ్లయింది. ఈ యలహంకను ఏలిన కెంపేగౌడ 1537లో బెంగళూరు కోట కట్టించాడు. ఆ నగరమే పెరిగి పెరిగి 2007లో యలహంకను తనలో కలిపేసుకొంది. దాని గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. నా బాధంతా తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చే నీళ్ల ట్యాంకరుతోనే.

మా సందు ఇరుకు కనుక ఆ లారీ వెనక్కి నడుస్తూ లోపలికి రావాలి, వెనక్కి నడిచినంతసేపూ ఏదో భక్తిగీతపు పల్లవిని కీచుగొంతుతో వాయిస్తూనే ఉండాలి. ఆపైన ఎదురింటి సంపులోకి గొట్టం వేసి మోటారు ఆన్ చేస్తే మా కిటికీ అద్దాలు ఇరవై నిమిషాలు వణుకుతాయి; గొట్టం అతుకు దగ్గర కారిన నీరు పారివచ్చి, మా అత్తగారు అప్పుడే వేసిన ముగ్గును సగం చెరిపేస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి నియమాలు చెబుతున్నాయని డ్రైవరుతో అంటే, "పగలు ఈ ట్రాఫిక్‌లో బండి కదులుతుందా సార్?" అన్నాడు. అదీ నిజమే. బోరు ఎండిన ఎదురింటివారిని నీళ్లు తెప్పించుకోవద్దని అనలేను, ఆ పాటనైనా ఆపించమంటే మాత్రం వారు నవ్వి ఊరుకొంటారు.

నిన్న మా మూడేళ్ల పాప నిద్రలో ఆ పల్లవినే కూనిరాగం తీసింది.