టాల్‌బాయ్ తిప్పలు

గ్రానైట్ మీద గిన్నెలా కూర్చునే బేసిన్ కొన్నాక పొడుగు ట్యాప్ కావాలి. అంతేగా? బెజవాడ శానిటరీ షాపులో అడగండి, "టాల్‌బాయ్ మిక్సరా సార్, ఇది బాగా పోతోంది" అని మెరిసేదొకటి చేతిలో పెడతారు. ఎత్తెంతయ్యా అంటే "సరిపోద్ది సార్!" దేనికి సరిపోద్ది? నా బేసిన్ ఎత్తెంతో అడిగావా అసలు? అంచు పైన 4 అంగుళాలైనా ఖాళీ లేకపోతే చేతులెక్కడ పెట్టాలి? ట్యాప్ మూతి పొట్టిదైతే ధార బేసిన్ వెనక అంచుకే తగులుద్ది. మరీ ఎత్తైతే చొక్కా తడుస్తుంది. పైగా మిక్సరంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపిచ్చే ట్యాప్ కదా, దానికి వేడినీళ్ల లైనొకటి! మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లే కాలిపోతుంటే, చన్నీళ్ల వైపు తిప్పినా వేడినీళ్లే కదండీ. ఇక ప్లంబరు గారు: "ముందు గ్రానైట్‌కి బెజ్జం కొట్టేద్దాం, ట్యాప్ తర్వాత చూసుకుందురు." తర్వాతేం చూసుకోను, నీ మొహం!