తగ్గాక చెబుదువులే అమ్మా

డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. అమ్మ లోపల మిషన్ మీద ఉంది. ఆరున్నరకి ఎక్కించారు, పదిన్నరకి గానీ దించరు. రాత్రంతా నిద్ర లేదు. కోపం ఇంకా దిగలేదు. పోస్టు పొడుగైతే క్షమించండి, ఇవాళ మాత్రం ఆపుకోలేను.

నిన్న శుక్రవారం మా చర్చి సంఘంలో స్త్రీల ఉపవాస ప్రార్థన. బయటి నుంచి ఒకావిడని వాక్యానికి పిలిచారు. పేరు చెప్పను, ఆవిడ పేరు కాదు నాకు ముఖ్యం. వాక్యం అయ్యాక రోగులు ముందుకు రండి అంది. అమ్మ వెనక గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. చాప మీద కూర్చుంటే మళ్ళీ లేవలేదు కాబట్టి కుర్చీ వేస్తారు. ముందుకు వెళ్ళలేదు. పక్కనున్న ఎవరో "ఆమెకి కిడ్నీలండీ, డయాలసిస్" అన్నారు. ఆవిడే దగ్గరికొచ్చింది. నూనె రాసింది, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అంతవరకూ సంతోషమే, నేను కూడా కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నాను.

తర్వాత మైకు తియ్యకుండానే అడిగింది. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"నాలుగేళ్ళండి."

"నాలుగేళ్ళ నుంచి ప్రార్థన చేస్తున్నా ఇంకా మిషన్ మీదే ఉన్నావంటే ఎక్కడో అడ్డు ఉందమ్మా. ఒప్పుకోని పాపం ఏదో ఉంది. లేకపోతే దేవుడి కంటే ఆ మిషన్నే ఎక్కువ నమ్ముతున్నావు."

అరవై మంది ఆడవాళ్ళ ముందు, మైకులో. మా వీధి చివరి దాకా వినపడే మైకు. అమ్మ ఒక్క మాట అనలేదు. కుడి చేత్తో కొంగు లాక్కుని ఎడమ చెయ్యి కప్పుకుంది. అంతే. నేను చెప్పుల దగ్గర నిలబడి చూశాను ఆ కొంగు లాక్కోవడం. నాలుగేళ్ళలో అమ్మ ఆ చెయ్యిని ఎవరి దగ్గరా దాచుకోలేదు. పిల్లలు భయపడితే దగ్గరికి పిలిచి మరీ చూపించేది. నిన్న దేవుని మందిరంలో దాచుకుంది.

ఆ చెయ్యి చూడని వాళ్ళకి చెబుతాను. మోచేతి దగ్గర రక్తనాళాలు రెండు కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు. అక్కడ నరం తాడులా ఉబ్బి, మెలికలు తిరిగి ఉంటుంది. చెవి ఆనిస్తే లోపల గుయ్యిమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఉంటే చెయ్యి పనిచేస్తున్నట్టు, లేకపోతే పరుగెత్తాలి. అమ్మ పొద్దున లేవగానే మోకరించే ముందు ఆ చేతిని చెవి దగ్గర పెట్టుకుంటుంది. శబ్దం వినపడితే "స్తోత్రం ప్రభువా" అని, అప్పుడు మోకరిస్తుంది. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, రెండేసి లావు సూదులు. నాలుగేళ్ళు. మీరే లెక్క వేసుకోండి ఎన్ని పోట్లో.

నీళ్ళ సంగతి చెప్పాలి. రోజుకు ముప్పావు లీటరు. టీ, చారు, మాత్రలు మింగే గుక్క, అన్నీ కలిపి అంతే. అర లీటరు కూల్‌డ్రింకు సీసా ఒకటి పెట్టుకుంది, దానితో ఒకటిన్నర. రోహిణి కార్తెలో మా ఒంగోలు ఎండకి రోళ్ళు పగులుతుంటే అమ్మ నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఊసేస్తుంది, మింగదు. కొబ్బరి బోండాం ముట్టుకోకూడదు. మామిడిపండు వాసన చూసి మాకు కోసి పెడుతుంది. నెలకోసారి ప్రభు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షారసం, ఎంతుంటుంది, ఒక మూతెడు, అది తాగి వచ్చి నా చెవిలో "ఇదీ లెక్కేనమ్మాయ్" అంటుంది. రాత్రికి ఒక గుక్క తగ్గించుకుంటుంది. అలాంటి మనిషిని పట్టుకుని ఉపవాస ప్రార్థనలో విశ్వాసం చాల్లేదంటారా? మీరు శుక్రవారం మధ్యాహ్నం ఒక్క పూట అన్నం మానేసి, సాయంత్రం రెండు గ్లాసులు మజ్జిగ తాగారు. మా అమ్మ నాలుగేళ్ళ నుంచి దాహంతో ఉపవాసం ఉంటోంది, ఏ రోజూ విడవలేదు.

ఆ "మిషన్నే నమ్ముతున్నావు" అన్న మాట ఎంత ప్రమాదమో ఆవిడకి తెలుసా? ఇలాంటి మాట విని రెండు మూడు సార్లు డయాలసిస్ మానేస్తే ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయి. పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. వార్డులో ఎవరినైనా అడగండి. ప్రార్థన చేయించుకుని మిషన్ మానేసినవాళ్ళు పోతే, మైకులో మాట్లాడినవాళ్ళు ఆ ఇంటికి వస్తారా? మళ్ళీ "విశ్వాసం చాల్లేదు" అనే కదా అంటారు. బతికున్నా వాళ్ళదే తప్పు, పోయినా వాళ్ళదే తప్పు.

నిన్న రాత్రి అమ్మ పడుకున్నాక బైబిలు తీశాను. చదువుకున్నదాన్ని కాదు నేను వాక్యంలో, కానీ చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్నది మర్చిపోలేదు. అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్ళి రోగుల మీద వేస్తే రోగాలు పోయాయని ఉంది. అదే పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో, తన తోటివాడు త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చాను అని రాశాడు. విడిచి వచ్చాడట! గుడ్డ తగిలితేనే బాగుపడేవాళ్ళు కదా, మరి స్నేహితుడు ఎందుకు బాగుపడలేదు? త్రోఫిములో ఒప్పుకోని పాపం ఉందని పౌలు రాశాడా? లేదు. తిమోతికి కడుపునొప్పి అయితే మందులా కొంచెం ద్రాక్షారసం తీసుకోమన్నాడు. తనకే ఒంట్లో ముల్లులాంటి బాధ ఉంటే మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదు దేవుడు. "నా కృప నీకు చాలును" అన్నాడు. ఆ వచనం మనందరి ఇళ్ళల్లో గోడల మీద వేలాడుతోంది కదా, క్యాలెండర్ మీద, గడియారం మీద. ముల్లు తియ్యనప్పుడు చెప్పిన మాట అది. తీసేశాక చెప్పింది కాదు.

ఏ తప్పూ చెయ్యకుండానే అన్నీ పోగొట్టుకుని రోగంతో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. మొదట ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఏడు రోజులూ వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడిపోయారు. నువ్వేదో చేసే ఉంటావు, ఒప్పుకో, ఒప్పుకో అని అధ్యాయాలకి అధ్యాయాలు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? చిల్లపెంకుతో గోక్కుంటూ, ఎందుకు పుట్టానా అని ఏడ్చి, దేవుణ్ణే నిలదీసిన యోబు మీద కాదు. దేవుడి తరఫున మాట్లాడుతున్నామనుకున్న వాళ్ళ మీద. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులే అడిగారు, ఎవరు పాపం చేశారు, వీడా వీడి తల్లిదండ్రులా అని. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. ఆ ప్రశ్న ఇప్పటికీ మన సంఘాల్లో మైకు పట్టుకుని తిరుగుతోంది.

ఇంకో విషయం, ఇది మా జిల్లావాళ్ళకి బాగా తగలాలి. మనం ఎవరి పిల్లలం? ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కని బాప్టిస్టు ఇల్లు ఉందా మన దగ్గర? 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థించారు. ఆ ప్రార్థనకి జవాబుగా ఇంకో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! ఈ పన్నెండేళ్ళూ జూయెట్ దొరకి విశ్వాసం చాల్లేదా? తర్వాత ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. జనం ఆకులు అలములు తిన్నారు, కలరాకి పోయారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టుకి తీసుకుని కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా కరువు పని నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పనులు ఆగి, ఇవ్వడానికి డబ్బు లేనప్పుడు ఇచ్చాడు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజులో 2,222 మంది.

ఆ రోజు నీళ్ళలో దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. మా తాతమ్మ వైపు ఒక పెద్దాయన అందులో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. పిల్లల్ని పూడ్చిపెట్టిన చేతులతో, డొక్కలు అంటుకుపోయి వచ్చారు. నీళ్ళలోంచి లేచి మళ్ళీ అదే గుడిసెకి, అదే వెట్టికి వెళ్ళారు. బాగుపడ్డాక నమ్మలేదు వాళ్ళు, కరువులో నమ్మారు. వాళ్ళ మునిమనవరాలికి మీరు మైకులో చెబుతారా, కష్టం తీరకపోతే నమ్మకం లేనట్టేనని?

ఇక అసలు విషయానికి వస్తాను. నిన్నటి ఆవిడ మీద కోపం రేపటికి తగ్గుతుందేమో. తగ్గనిది ఇంకోటి ఉంది. పోయిన ఏడాది కూడిక రోజుల్లో సాక్ష్యాలకి, అంటే దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందు చెప్పడానికి, పేర్లు రాసుకున్నారు. అమ్మ కూడా పేరిచ్చింది. వారం రోజులు అనుకుంటూ తిరిగింది, గిన్నెలు తోముతూ పెదాలు కదిలించేది. ఇస్త్రీ చీర కట్టుకుంది. వీసా వచ్చిన అబ్బాయి తండ్రి చెప్పాడు. ప్లాటు కొన్నవాళ్ళు చెప్పారు. గవర్నమెంటు ఉద్యోగం వచ్చినమ్మాయి చెప్పింది. మంచిదే, ఆ పిల్ల కష్టపడింది, నేనే చప్పట్లు కొట్టాను. అమ్మ లేచి ముందుకు నడుస్తుంటే సంఘ పెద్ద ఒకాయన ఎదురొచ్చి మెల్లగా అడిగాడు, "నీకు తగ్గిందా అమ్మా?" "లేదండి, అయినా..." "పర్లేదులే, తగ్గాక చెబుదువులే అమ్మా. ఇప్పుడు చెబితే కొత్తవాళ్ళు నిరుత్సాహపడతారు."

అమ్మ వెనక్కొచ్చి కూర్చుంది. ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఇంటికొచ్చాక కూడా ఆయన్ని ఒక్క మాట అననివ్వలేదు నన్ను.

నిరుత్సాహపడతారా? ఆ సభలో తాగుబోతు మొగుడితో వేగేవాళ్ళు ఎంతమంది, పొగాకు బేళ్ళకి ధర రాక అప్పులో ఉన్నవాళ్ళు ఎంతమంది, పిల్లలు లేక ప్రతి పెళ్ళిలో మాట పడేవాళ్ళు ఎంతమంది. వాళ్ళందరూ ప్లాటు సాక్ష్యం విని ఇంటికెళ్ళి, దేవుడు నన్ను ప్రేమించట్లేదేమో అని పడుకున్నారు. మా అమ్మ మాట విని ఉంటే అలా పడుకునేవాళ్ళు కాదు. ఈ బాధ మీకూ తెలుసు, మీ ఇళ్ళల్లోనూ ఒకరున్నారు పేరిచ్చి వెనక్కొచ్చి కూర్చున్నవాళ్ళు.

పొద్దున బస్సులో అడిగాను, ఆ రోజు ఏం చెబుదామనుకున్నావే అని. మొదట వద్దులే అంది. తర్వాత చెప్పింది, నవ్వుతూనే. రాసి పెడతానంటే "నీ ఇష్టం, పేరు మాత్రం వెయ్యమాక" అంది. కాబట్టి మైకు లేని మా అమ్మ సాక్ష్యం ఇదీ, ఆమె మాటల్లోనే:

"అందరికీ వందనాలు. నాకు తగ్గలేదు. తగ్గుద్దని డాక్టరు కూడా చెప్పలేదు. మొదట్లో దేవుణ్ణి బాగా తిట్టుకున్నా, ఆయనకి తెలుసు, మీకు చెప్పటానికి సిగ్గేం లేదు. ఒకరోజు మిషన్ మీద బీపీ పడిపోయింది, కళ్ళు తిరిగినయ్, పోతున్నా అనుకున్నా. అప్పుడు వాక్యం కూడా గుర్తు రాలేదు, అయ్యా అయ్యా అన్నా అంతే. పక్క మంచం పిల్లోడు, ఇరవై రెండేళ్ళోడు, వాడి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికీ సూదులే. దేవుడు రాలేదని ఎట్టా అంటాను? ఇప్పుడు నేను మిషన్ మీద ఉన్న నాలుగు గంటలూ ఆ వార్డులో పదకొండు మంచాలకీ పేరు పేరునా ప్రార్థన చేస్తా. నాకింకేం పనుంది అక్కడ. ఆ పిల్లోడికి వాళ్ళమ్మ కిడ్నీ ఇస్తానంది, పరీక్షలు చేస్తన్నారు. వాడి కోసం ప్రార్థన చెయ్యండి. నాకు ఇంతకంటే చెప్పటం రాదు."

పదిన్నర అయింది. లోపల నుంచి పిలుస్తున్నారు, సూదులు తీశాక దూది నొక్కి పట్టుకోవాలి.